మురుగులో పోయే ఎరువు – పాచి చేసే సాయం

తృతీయ సంవత్సరం, బి.యస్సీ.

ఎండాకాలం వస్తే మా ఊరి చెరువు పచ్చరంగు కలిపినట్టు మారిపోతుంది. "పాచి పట్టింది" అంటారు మావాళ్లు. ఒక్కొక్క తెల్లవారుజామున చేపలు నీటిమీదికి తేలి నోళ్లు తెరుస్తాయి. చిన్నప్పుడు ఎవరో విషం కలిపారనుకునేవాణ్ణి. బి.యస్సీ.లో చేరాకగాని అసలు సంగతి బోధపడలేదు. చెరువులో కలిసింది విషం కాదు, ఎరువు!

ఇళ్ల మురుగు, పశువులశాల కడుగునీరు, పొలంలో మిగిలిన యూరియా, డి.ఎ.పి. అన్నీ వాన నీటితో గెడ్డలోకి, అక్కణ్ణించి చెరువులోకి చేరతాయి. వాటిలోని నత్రజని, భాస్వరం వరికి ఎంత బలమో పాచికీ అంత బలమే. మనం పాచి అనే ఈ పచ్చదనంలో ఎక్కువ భాగం సూక్ష్మ శైవలాలు. వేరు, కాండం, ఆకు లేని ఈ జీవులు విడివిడిగా సూక్ష్మదర్శినిలో తప్ప కనబడవు. పగలు ఇవి ప్రాణవాయువు నిస్తాయి. రాత్రి తామే పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారేసరికి చేపలకు ఊపిరాడదు. హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఏళ్ల తరబడి పచ్చబారడానికీ నగరపు మురుగు మోసుకొచ్చిన పోషకాలే ముఖ్య కారణం.

మరి ఇదే పనిని చెరువుదాకా రానీయకుండా, ముందే వేరొక మడుగులో చేయిస్తే? అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆస్వాల్డ్, గోటాస్ అనే శాస్త్రజ్ఞులు 1950ల్లో ఈ దారిలోనే పరిశోధనలు చేశారు. మడుగు లోతు మోకాలిబంటి మించకూడదు. లేకపోతే వెలుతురు అడుగుకి దిగదు. తెడ్ల చక్రంతో నీటిని మెల్లగా తిప్పుతూ ఉండాలి. మురుగులోని బాక్టీరియా మలినాన్ని కుళ్లబెట్టి బొగ్గుపులుసు వాయువు, అమ్మోనియా విడుస్తాయి. శైవలాలు వాటిని తీసుకుని ప్రాణవాయువు నిస్తాయి. ఒకరి పొలానికి ఒకరు బదులుపనికి వెళ్లినట్టే! ఎండ బాగా కాస్తే నీటిలో క్షారగుణం పెరిగి, కొంత భాస్వరం కాల్షియంతో కలిసి అడుగుకి దిగుతుంది. కొంత అమ్మోనియా గాలిలోకి పోతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. లీటరు మురుగులో 40 మిల్లీగ్రాముల నత్రజని ఉందనుకొందాం. పట్టణపు మురుగులో ఇది సాధారణమే. పది లక్షల లీటర్లలో 40 కిలోలు అవుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే సుమారు 21 కిలోలు. దాదాపు రెండు బస్తాల యూరియా బలం కాలవలో పోతోందన్నమాట! ఎండిన శైవలంలో నత్రజని ఆరేడు శాతం ఉంటుంది. కాబట్టి ఆ 40 కిలోలను పూర్తిగా పాచిలోకి ఎక్కించాలంటే ఆరువందల కిలోల ఎండు పాచి పెరగాలి.

పెరిగితే చాలదు, దాన్ని తీసెయ్యాలి. ఈ పాఠం నాకు ఒక హార్లిక్స్ సీసా నేర్పింది. మురుగునీటిలో మా చెరువు నీళ్లు గరిటెడు కలిపి కిటికీలో పెట్టాను. కొన్నాళ్లకు నీరు పచ్చబడింది, కంపు పోయింది. నీటిని వడబోసి ప్రయోగశాలలో నెస్లర్ ద్రావకం వేస్తే అమ్మోనియాను తెలిపే పసుపు బాగా పలచబడింది. నెగ్గేశాననుకున్నాను. సంక్రాంతి సెలవులకు సీసాకి మూతపెట్టి, అలమరలో దాచి ఇంటికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నీరు గోధుమరంగు, భరించలేని కంపు. మళ్లీ పరీక్షిస్తే పసుపు చిక్కగా వచ్చింది. చీకట్లో పాచి చచ్చి, కుళ్లి, తిన్నదంతా తిరిగి నీటికే ఇచ్చేసింది.

అసలు కష్టం ఇక్కడే ఉంది. క్లోరెల్లా కణం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. గుడ్డతో వడిస్తే నిలవదు. పటిక వేసి పేరబెట్టవచ్చు గాని ఖర్చు. గుంపులుగా కలిసి అడుగుకి దిగే జాతులను పెంచడం ఒక ఉపాయం. చేపలచేత తినిపించడం మరొకటి. కలకత్తా తూర్పు చిత్తడినేలల్లో నగరపు మురుగుతో నిండే చెరువుల్లో ఇదే జరుగుతోంది. 2002లో ఆ ప్రాంతానికి రామ్సార్ గుర్తింపు వచ్చింది. పాచిలోని బలం బొచ్చె, శీలావతి వంటి చేపలై బయటికి వస్తుంది.

జాగ్రత్తలూ తప్పవు. కార్ఖానాల నీరు కలిస్తే సీసం వంటి లోహాలు పాచిలో పేరుకుంటాయి. మైక్రోసిస్టిస్ వంటి నీలి ఆకుపచ్చ జాతులు విషం తయారుచేస్తాయి. రోగక్రిములూ ఉండవచ్చు. అందుచేత అటువంటి పాచిని నేరుగా ఆకుకూర మళ్లకు వేయరాదు. పరీక్షించి, గత్తంలో బాగా మాగబెట్టాకనే పొలానికి తోలాలి.

మా నాన్నకి ఈ లెక్క చెప్పాను. బస్తా యూరియా కోసం వరసలో నిలబడిన మనిషి. కాసేపు ఆలోచించి, "అయితే మన డబ్బులే గెడ్డలో కొట్టుకుపోతన్నాయన్నమాట! మరి ఆ పాచిని పట్టీ వల ఏదిరా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మన కళాశాల హాస్టలు కాలవ పక్కన ఒక చిన్న సిమెంటు తొట్టి కట్టి, వృక్షశాస్త్ర, రసాయనశాస్త్ర విద్యార్థులం కలిసి ఏడాదిపాటు పరీక్షిస్తే ఆయన ప్రశ్నకు జవాబు మొదలుపెట్టవచ్చు. అధ్యాపకులు, పూర్వవిద్యార్థులు ఈ మనవి ఆలకించవలసిందిగా కోరుతున్నాను.