హృచ్ఛూల – ఉపవాసదినాన ఔషధసేవనం

మహాశివరాత్రి సమీపించినప్పుడల్లా మా ఇచ్చోడ ప్రాంతపు పెద్దలు నన్నడిగే సందేహం ఒకటున్నది: "పంతులుగారూ, ఒక్కపొద్దు నాడు గుండెమాత్ర వేసుకొంటే వ్రతం చెడుతుందా?" శాస్త్రనిర్ణయం చెప్పుటకు ముందు ఆ వ్యాధిస్వరూపాన్ని, మాత్రలు చేసే పనిని తెలుసుకొనుట అవసరం.

చరకుడు శిరస్సు, హృదయం, వస్తి అను మూడింటిని ప్రధానమర్మాలుగా గణించాడు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో 'హృచ్ఛూల' ప్రస్తావన ఉన్నది. 1768లో లండను వైద్యుడు విలియం హెబర్డెన్ శ్రమవేళ కలిగే గుండెనొప్పిని విశదంగా వర్ణించి 'ఆంజైనా పెక్టోరిస్' అని పేరు పెట్టాడు. రొమ్మును నులిమినట్లుండుట అని ఆ లాటిను మాటల భావం.

గుండె దేహమంతటికి రక్తం పంపుతుంది. తన కండరానికి కావలసిన రక్తం మాత్రం కరొనరీ ధమనుల ద్వారానే అందాలి. ఆ ధమనులలో కొవ్వు పేరుకొని దారి ఇరుకైతే, కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం శ్రమపడినప్పుడు చాలదు. అప్పుడు రొమ్ము నడుమ బరువు, బిగువు, మంట కలుగుతాయి. నొప్పి ఎడమచేతికి, మెడకు, దవడకు పాకవచ్చు. విశ్రమిస్తే కొద్ది నిమిషాలలో తగ్గుతుంది. స్త్రీలలో, వృద్ధులలో, మధుమేహం కలవారిలో నొప్పి లేక కేవలం ఆయాసం, నిస్సత్తువ కనిపించవచ్చు.

నేరడిగొండ మండలంలోని కుంటాల జలపాతం వద్దకు శివరాత్రికి సోమేశ్వరస్వామి దర్శనార్థం వెళ్లేవారు ఈ సంగతి గమనించాలి. మెట్లు దిగునప్పుడు గుండెకు శ్రమ తెలియదు. ఖాళీ కడుపుతో తిరిగి ఎక్కునప్పుడే తెలుస్తుంది.

ఔషధాలు రెండు విధాలు. నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద ఉంచుకొనేవి మొదటివి. పేలుడుపదార్థంగా ప్రసిద్ధమైన నైట్రోగ్లిజరిన్‌ను అత్యల్పమాత్రలో ఈ నొప్పికి వాడవచ్చునని లండనులో విలియం మరెల్ 1879లో ప్రకటించాడు. మనవారెరిగిన సార్బిట్రేట్ కూడ ఆ కుటుంబానిదే. ఇవి రక్తనాళాలను సడలించి గుండె భారాన్ని తగ్గిస్తాయి. నైట్రోగ్లిజరిన్‌ను మింగితే కాలేయం చాలావరకు నిర్వీర్యం చేస్తుంది. అందుకే నాలుక కింద ఉంచుకోవాలి. రక్తపోటు తగ్గి కళ్లు తిరుగవచ్చును గనుక కూర్చొని మాత్రమే వేసుకోవాలి. సిల్డెనాఫిల్ వంటి మందులు వాడేవారికి ఇవి ప్రమాదకరం. సంకోచించక వైద్యునికి ముందే చెప్పాలి.

నిత్యం వేసుకొనేవి రెండవ విధం. అటెనొలాల్, మెటొప్రొలాల్ గుండెవేగాన్ని తగ్గిస్తాయి. ఆమ్లోడిపిన్ నాళాలను విప్పారజేస్తుంది. ఆస్పిరిన్ నెత్తురు గడ్డకట్టుటను నిరోధిస్తుంది. అటోర్వాస్టాటిన్ కొలెస్టరాల్‌ను తగ్గిస్తుంది. నొప్పి లేదు గదా అని వీటిని మానరాదు. ముఖ్యంగా అటెనొలాల్ వంటివి హఠాత్తుగా మానితే నొప్పి తీవ్రమై గుండెపోటుకే దారితీయవచ్చు.

ఇక నిర్ణయం. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు వ్రతభంగం కలిగించనివి ఎనిమిదింటిని చెప్పాడు. నీరు, కందమూలాలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యం, ఔషధం – ఇవి ఆ ఎనిమిది. కనుక గుక్కెడు నీటితో మాత్ర వేసుకొన్నవాని ఉపవాసానికి లోపం లేదు. ఆహారంతో కలిపి వేసుకోవలసిన మందులుంటే పాలు, పండ్లు స్వీకరించుటకు శాస్త్రమే అనుమతి ఇచ్చింది. మధుమేహానికి మందులు వాడేవారు ఉపవాససంకల్పానికి ముందే వైద్యుని సలహా పొందాలి.

యాత్రకు బయలుదేరునప్పుడు వైద్యుడు వ్రాసిన మాత్రను పెట్టెలో గాక జేబులో, కొంగుముడిలో ఉంచుకొనండి. దానిని ఎండ, వేడి తగులనీయకండి. నొప్పి వస్తే ఎక్కుట ఆపి కూర్చొనండి. చెప్పిన ప్రకారం మాత్ర వేసుకొనండి. 5 నిమిషాలలో తగ్గకున్నా, చెమటలు పట్టినా, విశ్రాంతిలోనే నొప్పి పుట్టినా, మునుపెన్నడూ లేని నొప్పి అయినా 108కు ఫోను చేయించండి. దర్శనం పూర్తిచేసుకొని వెళ్దామని ఆగవద్దు. స్వామి మరునాడూ అక్కడే ఉంటాడు.

స్వస్తి.