పాలపిట్టను చూడటం

మాది మెదక్ వైపు మెట్ట సేద్యం. డెబ్బై దసరాలు చూశాను. జమ్మికి పోయే దారిలో పాలపిట్ట కనబడితే ఆ ఏడు కలిసొస్తుందని మా నమ్మకం. అజ్ఞాతవాసం ముగించుకుని వస్తున్న పాండవులకు ఎదురైన పిట్ట అని పెద్దలు చెప్పేవారు. దాన్ని చూడటం గురించి నాకు తెలిసినవి పిల్లల కోసం రాసి పెడుతున్నాను.

1. అది లేచేదాకా ఆగండి. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు పాలపిట్ట పెద్ద తల, గోధుమరంగు రొమ్ముతో మట్టిముద్దలా ఉంటుంది. పట్నం నుంచి వచ్చిన మనవడు "ఇదేనా తాతా?" అని మొహం ముడుచుకున్నాడు. అంతలో గడ్డిలో ఏదో కదిలింది. పిట్ట రెక్క విప్పింది. ముదురు నీలం ఒక పట్టీ, లేత నీలం ఒక పట్టీ. పోరడికి నోట మాట రాలేదు.

2. దుక్కి దున్నేచోట చూడండి. కొంగల్లా ఇది చాళ్ల వెంట నడవదు. గట్టు మీది రాయి మీద కూర్చుని కనిపెట్టుకుని ఉంటుంది. దిగి మిడతను కరుచుకుని మళ్లీ ఆ రాయి మీదికే వస్తుంది. టప్ టప్‌మని రాయికేసి కొట్టి మింగుతుంది. కీచురాళ్లు, పేడపురుగులు, దొరికితే తేలు కూడా వదలదు. నేను పత్తికి మందుల మీద మందులు కొట్టిన ఏళ్లలో మా గట్టు మీద వాలడం తగ్గింది. పురుగే లేని చేలో దానికేం పని?

3. ఎండిన తాటిమోడును కొట్టకండి. నేను కొట్టించాను, అందుకే చెబుతున్నాను. పాలపిట్ట తనంతట తాను తొర్ర తొలుచుకోదు. వడ్రంగిపిట్ట వదిలేసినదో, పుచ్చిన మానులో ఏర్పడినదో వెతుక్కుంటుంది. మా చెరువు కింద పిడుగు పడి తల పోయిన తాడి ఒకటుండేది. ఎండలు ముదిరేసరికి ఏటా ఒక జత వచ్చేది. మగది నిట్టనిలువునా పైకెగిరి, బొంగురు గొంతుతో అరుస్తూ, పల్టీలు కొడుతూ కిందికి దిగేది. ఆ అరుపులు ఆగిపోయాయంటే గుడ్లు పెట్టినట్టు. ఒక ఏడు పెళ్లివంటకు కట్టెలు చాలక ఆ మోడును పడగొట్టించాను. తొర్రలోంచి తెల్లని గుడ్లు దొర్లి పగిలాయి. ఆ జత మూడు రోజులు అక్కడే తిరిగింది. ఎక్కడ వాలాలో తెలియక, మోడు ఉన్న ఎత్తులో ఖాళీగా ఉన్న గాలిలో రెక్కలాడిస్తూ నిలబడటం చూశాను. ఆ పెళ్లిలో ఏం తిన్నామో గుర్తులేదు. ఇది మాత్రం మరుపు రాలేదు.

4. ఈకలతో పాలు పెరగవు. ఈకలు తరిగి మేతలో కలిపి పెడితే ఆవు ఎక్కువ పాలిస్తుందని పూర్వం నమ్మేవారు, పేరు కూడా దాన్నుంచే వచ్చిందంటారు. ఆ ఈకలో నీలిరంగు పదార్థమే లేదు. లోపలి సన్నటి అల్లికలో వెలుగు చెదిరి నీలంగా అగపడుతుంది. నూరితే నీలం కూడా మిగలదు.

5. పంజరంలోని పిట్టకు డబ్బులివ్వకండి. పండుగనాడు పట్నంలో గుడి ముందు ఒకడు పాలపిట్టను చూపించి పైసలు అడిగాడు. దండం పెట్టి ఇచ్చాను. తర్వాత దగ్గరికి పోయి చూస్తే కాళ్లకు దారం, రెక్కలకు బంక. ముక్కు తెరుచుకుని రొప్పుతోంది. పండుగకు వారాల ముందే పట్టి అట్లా ఉంచుతారట. 2014లో జమ్మిచెట్టుతో పాటు దీన్నీ తెలంగాణ రాష్ట్ర చిహ్నాల్లో చేర్చుకున్నాం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దీన్ని పట్టడం నేరం. అట్లాంటివాడు కనబడితే అటవీశాఖకు చెప్పండి.

6. పొద్దున్నే చేనుకు పోండి. నిరుడు దసరాకు మనవణ్ణి తీసుకుని పోయాను. గంటసేపు తిరిగినా కనబడలేదు. తిరిగొస్తుంటే కాలువ పక్క తీగ మీద ఒక్కటి ఉంది. అది లేచేదాకా నిలబడదామని వాడే అన్నాడు.