చీమలు, క్రిమికీటకములు: గృహస్థుల సందేహములు

పూజామందిరమున చీమలు చేరినచో ఏమి చేయవలెను? ఊడ్చునప్పుడు, పొయ్యి వెలిగించునప్పుడు మనకు తెలియకయే చచ్చు ప్రాణుల దోషము ఎవరిది? భక్తుల ఇండ్లలో, ముఖ్యముగా పూజాభారము వహించు గృహిణుల మనస్సులలో, ఈ సందేహములు తరచు కలుగుచుండును. చిన్న ప్రశ్నలని వీనిని త్రోసివేయరాదు.

రెండవ ప్రశ్నకు మనుస్మృతి మూడవ అధ్యాయమున సమాధానము కలదు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ: ఈ ఐదును గృహస్థుని ఇంట 'పంచసూనలు', అనగా ప్రాణిహింస జరుగు తావులు. వీనిని విడిచి సంసారము సాగింపజాలము. కావుననే శాస్త్రము వీనిని వాడవద్దనలేదు. ఆ దోషము తొలగుటకు ప్రతిదినము పంచమహాయజ్ఞములు చేయుమన్నది. వానిలో భూతయజ్ఞ మొకటి. కుక్కలకు, కాకులకు, క్రిములకు అన్నమును నేలపై మెల్లగా ఉంచవలెనని అచ్చటనే విధింపబడినది. 'మెల్లగా' అను మాట గమనింపదగినది. మిగిలినదానిని విసరివేయుట భూతబలి కానేరదు. వాకిట బియ్యపుపిండితో పెట్టు ముగ్గు చీమలకు ఆహారమగును. ఇప్పటి రాతిపిండి ముగ్గు కంటికి ఇంపే గాని, చీమ దానిని ముట్టదు!

ఇక నైవేద్యము మాట. కేశములు, కీటకములు పడిన అన్నము నివేదనకు తగదు. నివేదనకు ముందే చీమలు పట్టినచో దానిని ప్రక్కన నుంచి, మరల సిద్ధము చేసికొనవలెను. చీమలు పట్టిన పాత్రను నిప్పుపై పెట్టుటగాని, వేడినీరు పోయుటగాని తగదు. చెట్టు మొదట ఉంచినచో అవియే తిని పోవును. చీమలు తాము నడచిన దారిలో వాసన విడుచుచు, దానిననుసరించి బారులు తీరును. ఆ దారిని తడిగుడ్డతో తుడిచి, బెల్లపు పాత్రను నీరుపోసిన పళ్లెములో నిలిపినచో చాలవరకు రావు. దేవుని పీఠము చుట్టును చీమలమందు గీతలు గీయుట నాకు సమ్మతము కాదు. అది ప్రసాదము ఉంచు చోటు, పిల్లలు చేతులు పెట్టు చోటు. తేలు, జెఱ్ఱి వంటివి కనబడినచో ఇంటివారిని కాపాడుకొనుట ధర్మమే. పట్టకారుతో దూరముగా విడుచుట సాధ్యమైనప్పుడు అదియే మేలు.

పిల్లలు ఆటగా కీటకములను బాధించుటను పెద్దలు చూచి నవ్వుచుందురు. మహాభారతము ఆదిపర్వమున మాండవ్యుని కథ కలదు. నిరపరాధియైన ఆ ముని శూలమున వేయబడి, తన పాపమేమని ధర్ముని అడిగెను. బాల్యమున కీటకముల తోకలలో గడ్డిపుల్లలు గ్రుచ్చిన ఫలమని ఆయన చెప్పెను. తెలియని వయస్సున చేసినదానికి ఇంత దండనమా అని ముని కోపించి, ధర్ముని మానవుడుగా పుట్టుమని శపించెను; ఆయనయే విదురుడు. పదునాలుగేండ్ల లోపు చేసినది పాపము కాదని మాండవ్యుడు కట్టడి చేసెను. బాలునికి పాపము లేదు సరే. ప్రక్కన నిలిచి నవ్విన తండ్రికి ఆ కట్టడి వర్తింపదు గదా!

నాగులచవితి నాడు పుట్టలో పాలు ఎంత పోయవలెనని కొందరడుగుదురు. శ్రీనివాసుడు వల్మీకమున వసించెనని వేంకటాచల మాహాత్మ్యము చెప్పుచున్నందున మనకు పుట్ట పూజ్యము. అయితే పుట్టను కట్టునవి చెదలు. పాము తరువాత వచ్చి చేరును. పాలు పాముకు ఆహారము కాదు. బిందెలకొద్ది పోసినచో లోపలి ప్రాణులు తడిసి నశించును. ఉద్ధరిణెడు పాలు పుట్టపై చిలుకరించి, తక్కినవి పసిబిడ్డలున్న ఇంటికి ఈయవచ్చును.