రణ్‌కి ఎనిమిది బైకులు, ఎన్ని రోజులు?

ప్రశ్న: సూరత్ దగ్గరి బార్డోలీలో ఉంటున్న తెలుగువాళ్ళం. ఎనిమిది బైకుల మీద కచ్ తెల్ల రణ్ చూసి నాలుగు రోజుల్లో తిరిగి రాగలమా?

జవాబు: రాగలరు, కానీ చూసేది రోడ్డునే. భుజ్ దాదాపు 600 కిలోమీటర్లు, అక్కడినుంచి తెల్ల రణ్ అంచునున్న ధోర్డో మరో 80. రానూపోనూ 1,350 పైమాటే. రోజుకి 340 అంటే ఒంటరిగా వెళ్ళేవాడికి పెద్ద లెక్క కాదు. గుంపు మాత్రం అన్నిటికన్నా నెమ్మదైన బండి వేగంతోనే కదులుతుంది. ఒక్కడి టీ పది నిమిషాలైతే ఎనిమిది మందిది అరగంట. పైగా అహ్మదాబాద్–వడోదర ఎక్స్‌ప్రెస్‌వే మీదికి బైకుల్ని రానివ్వరు, పాత హైవేలో లారీల మధ్యే వెళ్ళాలి. అందుకే ఆరు రోజులు పెట్టుకోండి, మొదటి రాత్రి అహ్మదాబాద్‌లోనే ఆగండి.

వేగంగా నడిపేవాళ్ళు ముందెళ్ళి ఆగితే సరిపోదా అంటారు. పంక్చర్ కిట్ ముందున్న బండిలో ఉండి, మేకు వెనకొచ్చే బండి టైరులో దిగితే? ప్రతివాడూ అద్దంలో తన వెనక బండిని చూసుకోవాలి, మలుపు దగ్గర అది కనిపించేదాకా కదలకూడదు. విసుగే, ఒప్పుకుంటాను. కానీ తప్పిపోయినవాణ్ణి వెతకడం అంతకన్నా విసుగు.

భుజ్‌లో ట్యాంకులు నింపండి; రణ్ పర్మిట్‌కి గుర్తింపు కార్డులు దగ్గరుంచుకోండి. జనవరి 14 ఉత్తరాయణ్ రోజుల్లో మాత్రం బయల్దేరొద్దు. గాలిపటాల మాంజా గొంతు కోస్తుంది. సూరత్ స్కూటర్ల హ్యాండిల్ మీద వంచి కట్టే తీగ అందుకే.