నేర్పే మూలధనం

వ్యాపారానికి ధనం అవసరమే. కాని, ధనం లేనివాడికి వ్యాపారం అసాధ్యమనుకోవడం పొరపాటు. నేర్చుకోవాలనే తపననే పెట్టుబడిగా పెట్టి, విద్యార్థి దశలోనే వస్త్రవ్యాపారానికి అంకురార్పణ చేసిన ఆంగ్లేయుడు బెన్ ఫ్రాన్సిస్ జీవితం ఇందుకు నిదర్శనం.

1992లో జన్మించిన ఫ్రాన్సిస్ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో ఆస్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థి. చదువుకుంటూనే ఇంటింటికీ పిజ్జాలు చేరవేసే ఉద్యోగం చేసేవాడు. వ్యాయామమంటే అతనికి మక్కువ. 2012లో మిత్రులతో కలిసి ‘జిమ్‌షార్క్’ అనే వెబ్‌సైటు ప్రారంభించి, తొలుత వ్యాయామం చేసేవారికి ఉపకరించే పోషక పదార్థాలను విక్రయించాడు. సరుకు నిల్వచేసే స్తోమత లేనందున, సరఫరాదారుడే కొనుగోలుదారుకు నేరుగా పంపే పద్ధతిని అనుసరించాడు.

ఆనాటి వ్యాయామ దుస్తులు భారీకాయులకు తగినట్లు వదులుగా ఉండేవి. తనవంటి సన్నని దేహం గల యువకులకు ఒంటికి అమరే దుస్తులు లేవని గ్రహించి, వాటిని తానే తయారుచేయ సంకల్పించాడు. ఒక కుట్టుమిషను, గుడ్డపై అచ్చువేసే స్క్రీన్ ప్రింటరు సమకూర్చుకున్నాడు. అవ్వ వద్ద కుట్టుపని అభ్యసించాడు. తల్లిదండ్రుల ఇంటి గ్యారేజీయే అతని కర్మాగారమయింది.

యూట్యూబ్‌లో వ్యాయామ దృశ్యాలు ప్రదర్శించేవారికి తమ దుస్తులను ఉచితంగా పంపడంతో, ఖరీదైన ప్రకటనలు లేకుండానే సంస్థ పేరు వ్యాపించింది. 2013లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన ‘బాడీపవర్’ ప్రదర్శనలో పాల్గొన్న అనంతరం అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. పనిభారం పెరగడంతో ఫ్రాన్సిస్ విశ్వవిద్యాలయాన్ని విడిచిపెట్టాడు. చదువు మానడమే అతని విజయరహస్యమని విద్యార్థులు భ్రమపడరాదు. వ్యాపారం ఊపందుకున్న పిమ్మటనే అతడు తరగతి గదిని వీడాడు. అభ్యాసాన్ని మాత్రం వీడలేదు.

సంస్థ విస్తరించిన కొద్దీ, దానిని నడిపే అనుభవం తనకు చాలదని గుర్తించాడు. ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవిని అనుభవజ్ఞుడైన స్టీవ్ హ్యూయిట్‌కు అప్పగించాడు. తాను నాటిన మొక్కకు మరొకరిని తోటమాలిగా నియమించడం సామాన్యం కాదు. అహంకారం అడ్డుపడే ఘట్టమిది. ఫ్రాన్సిస్ మాత్రం సంస్థలోనే వివిధ బాధ్యతలు నిర్వహిస్తూ మెలకువలు గ్రహించి, 2021లో తిరిగి ఆ పదవిని చేపట్టాడు. ఈ మధ్యకాలంలో, 2020లో, జనరల్ అట్లాంటిక్ అనే పెట్టుబడి సంస్థ 21 శాతం వాటా కొన్నప్పుడు జిమ్‌షార్క్ విలువ 100 కోట్ల పౌండ్లను మించింది.

సూది పట్టడం తెలియనప్పుడు అవ్వ వద్ద, సంస్థ నడపడం తెలియనప్పుడు అనుభవజ్ఞుల వద్ద అతడు విద్యార్థి అయ్యాడు. తనకు తెలియనిది ఏమిటో తెలుసుకోవడమే విద్యకు తొలిమెట్టు. వ్యాపారానికైనా అదే పునాది.

కఠిన పదాలకు అర్థాలు
అంకురార్పణ = ప్రారంభం
నిదర్శనం = ఉదాహరణ
స్తోమత = ఆర్థిక శక్తి
భారీకాయులు = పెద్ద శరీరం గలవారు

ప్రశ్నలు
1. ఫ్రాన్సిస్ దుస్తుల తయారీకి పూనుకోవడానికి కారణమేమి?
2. చదువు మానడం విజయరహస్యం కాదని రచయిత ఎట్లా సమర్థించాడు?
3. ‘నేర్పే మూలధనం’ అనే శీర్షిక ఔచిత్యాన్ని వివరించండి.