కోట చేతులు మారింది, కాలువ మిగిలింది

కందహార్ అనే ఊరి పేరు వినే ఉంటారు. 1999 డిసెంబరులో మన దేశ విమానాన్ని కొందరు దారి మళ్లించి ఆ ఊళ్లోనే దింపారు. వారం రోజులు రేడియోలో, టీవీలో అదే పేరు వినిపించింది.

ఆ ఊరు ఇప్పుడు ఆఫ్ఘనిస్తాన్ దేశంలో ఉంది. అక్కడి దానిమ్మ పండ్లకు మంచి పేరు. నాలుగు వందల ఏళ్ల కిందట ఆ ఊరికి పడమర ఇరాన్ రాజ్యం ఉండేది. ఇరాన్‌నే పర్షియా అని కూడా అనేవాళ్లు. తూర్పున హిందూస్తాన్‌ను ఏలే మొగలు రాజ్యం. రెండు పెద్ద రాజ్యాల మధ్య కందహార్. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలాగన్న మాట.

ఆ సరిహద్దు కోటను కాపలా కాసిన ఇరాన్ సేనాపతి ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు అలీ మర్దాన్ ఖాన్. కత్తి పట్టిన మనిషి. కానీ ఆయన పేరు కత్తి వల్ల నిలవలేదు. మరి దేని వల్ల నిలిచింది? చదవండి.

ఆ ఊరి కోసం ఎందుకంత పోట్లాట?

కందహార్ మీదుగా పెద్ద వ్యాపార దారి పోతుంది. హిందూస్తాన్ నుంచి బట్టలు, నీలిమందు ఒంటెల మీద ఇరాన్‌కు పోయేవి. అటు నుంచి గుర్రాలు ఇటు వచ్చేవి. దారిలో సరుకు మీద సుంకం కట్టాలి. ఊరు ఎవరి చేతిలో ఉంటే సుంకం వాళ్లది. సైన్యాలు నడిచేదీ ఆ దారినే. అందుకే ఇద్దరు రాజులూ ఆ ఊరు మాదంటే మాదన్నారు.

1595లో మొగలు రాజు అక్బరుకు ఆ ఊరు దక్కింది. 1622లో ఇరాన్ రాజు షా అబ్బాస్ దాన్ని తిరిగి తీసుకున్నాడు. ఆ తర్వాత తనకు నమ్మకమైన ఒక సేనాపతిని అక్కడ పెట్టాడు. ఆయన పేరు గంజ్ అలీ ఖాన్. కుర్దు జాతి వాడు. అలీ మర్దాన్ ఖాన్ ఈయన కొడుకే.

తండ్రి నేర్పిన పాఠం

గంజ్ అలీ ఖాన్ అంతకు ముందు ఇరాన్‌లోని కెర్మాన్ అనే ఊళ్లో అధికారి. కెర్మాన్‌లో వానలు తక్కువ. ఎటు చూసినా ఎండిన నేల. అలాంటి చోట ఆయన బజారు కట్టించాడు. బాటసారులకు సత్రం కట్టించాడు. జనానికి స్నానాల ఇల్లు, నీళ్ల తొట్టి కట్టించాడు. ఆ కట్టడాలు కెర్మాన్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

వానలు లేని చోట నీళ్లు ఎలా వస్తాయి? దానికి ఇరాన్ వాళ్లకు ఒక ఉపాయం తెలుసు. కొండ పాదం దగ్గర లోతుగా బావి తవ్వుతారు. అక్కడ నీళ్లు పడితే, ఆ నీళ్లను ఊరి దాకా భూమి లోపల సొరంగంలో నడిపిస్తారు. సొరంగం కొద్ది కొద్దిగా వాలుగా ఉంటుంది. అందువల్ల నీళ్లు వాటంతట అవే పారతాయి. నేల కింద ఉంటాయి కాబట్టి ఎండకు ఆవిరి కావు. దీన్ని కనాత్ అంటారు. కరేజ్ అని కూడా అంటారు. మన దగ్గర జహీరాబాద్ దాటి బీదర్ పోతే అలాంటి పాత కరేజ్ అక్కడా ఉంది.

1625 ప్రాంతంలో గంజ్ అలీ ఖాన్ చనిపోయాడు. కందహార్ కోట కొడుకు చేతికి వచ్చింది. షా అబ్బాస్ తండ్రిని ప్రేమగా బాబా అని పిలిచేవాడు. కొడుకుకు 'రెండో బాబా' అని బిరుదు ఇచ్చాడు. అంత దగ్గరితనం ఉండేది.

కొత్త రాజు, కొత్త భయం

1629లో షా అబ్బాస్ చనిపోయాడు. మనవడు షా సఫీ రాజయ్యాడు. అతనికి ఎవరి మీదా నమ్మకం లేదు. తాత దగ్గర పేరు తెచ్చుకున్న పెద్ద పెద్ద వాళ్లను ఒక్కొక్కరినే చంపించాడు.

ఇమామ్ కులీ ఖాన్ అని ఒక సేనాపతి ఉండేవాడు. ఇరాన్ సముద్ర తీరంలోని హోర్ముజ్ దీవిని పోర్చుగీసు వాళ్ల నుంచి గెలిచి ఇచ్చిన వాడు. 1632లో షా సఫీ ఆయన్నీ, ఆయన కొడుకులనూ చంపించాడు. రాజ్యానికి అంత మేలు చేసిన ఇంటికే ఆ గతి పట్టింది.

ఈ వార్తలన్నీ కందహార్‌కు చేరుతూనే ఉన్నాయి. అలీ మర్దాన్ ఖాన్ కోట గోడలు గట్టి చేయించుకున్నాడు. అంతలో ఇరాన్ ప్రధాన మంత్రి సారూ తఖీ పన్నుల లెక్కలు గట్టిగా అడగసాగాడు. తర్వాత రాజు నుంచి కబురు వచ్చింది. దర్బారుకు రమ్మని ఆ కబురు.

పైకి చూస్తే మామూలు పిలుపే. కానీ అలా పిలిస్తే వెళ్లిన వాళ్లు ఏమయ్యారో ఆయనకు తెలుసు. వెళితే తల పోతుంది. వెళ్లకపోతే రాజద్రోహం. అప్పుడు సైన్యం వస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గోల్కొండకూ అదే ఒత్తిడి

అప్పుడు మొగలు రాజు షాజహాన్. ఆగ్రాలో తాజ్‌మహల్ కట్టిస్తున్న రోజులవి. ఇరాన్ రాజు పలుకుబడిని తగ్గించాలని అతని పట్టుదల.

ఆ పట్టుదల వేడి మన గోల్కొండకూ తగిలింది. గోల్కొండ కుతుబ్ షాహీ రాజులు శుక్రవారం నమాజులో ఇరాన్ రాజు పేరు చదివించేవాళ్లు. ఎవరి పేరు చదివితే వాళ్లు పెద్ద అని అర్థం. 1636లో షాజహాన్ బెదిరించి దాన్ని మాన్పించాడు. ఆ చోట తన పేరు పెట్టించుకున్నాడు. గోల్కొండ రాజు అబ్దుల్లా కుతుబ్ షా ఏటా కప్పం కట్టడానికి కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది.

రెండేళ్లు తిరక్కుండా కందహార్‌లోనూ అదే జరిగింది. 1638లో అలీ మర్దాన్ ఖాన్ మొగలు అధికారులకు కబురు పంపాడు. వాళ్ల సైన్యం రాగానే కోట తలుపులు తీయించాడు. ఆ ఊరి నమాజులో షాజహాన్ పేరు చదివారు. కోట గోడల మీద యుద్ధం లేకుండానే ఊరు చేతులు మారింది. ఊరి బయట మాత్రం యుద్ధం తప్పలేదు. ఇరాన్ రాజు పంపిన సైన్యాన్ని కాబూలు అధికారి సయీద్ ఖాన్ ఓడించాడు.

రెండో బతుకు

అదే ఏడు అలీ మర్దాన్ ఖాన్ లాహోరుకు వచ్చాడు. షాజహాన్ ఆయనకు ఎంతో మర్యాద చేశాడు. కాశ్మీరుకు అధికారిని చేశాడు. తర్వాత లాహోరు కూడా ఇచ్చాడు. చలికాలం లాహోరులో, ఎండాకాలం కాశ్మీరులో ఉండొచ్చని ఆ ఏర్పాటు. ఆ తర్వాత కాబూలు ఇచ్చాడు. కాబూలులో ఆయన పైకప్పు ఉన్న పెద్ద బజారు కట్టించాడు. నాలుగు భాగాల బజారు. తండ్రి కెర్మాన్‌లో చేసిన పనినే కొడుకు కాబూలులో చేశాడు.

కొలువు అన్నాక యుద్ధం తప్పదు. 1646లో హిందూకుష్ కొండలు దాటి బల్ఖ్ అనే ఊరి మీదికి మొగలు సైన్యం పోయింది. ఆయన కూడా వెళ్లాడు. ఊరు గెలిచారు కానీ నిలుపుకోలేకపోయారు. 1647లో తిరిగి వచ్చే దారిలో మంచు కొండల్లో ఎందరో సైనికులు చలికి చనిపోయారు. ఎంతో డబ్బు పోయింది. చేతికి ఒక్క ఊరూ మిగల్లేదు.

నీరు పల్లమెరుగు

ఇప్పుడు కాలువ సంగతి.

అలీ మర్దాన్ ఖాన్ వెంట ఇరాన్ నుంచి మనుషులు వచ్చారు. వాళ్లలో కాలువలు తవ్వడం బాగా తెలిసిన వాడొకడు ఉన్నాడు. రావి నది నీళ్లను లాహోరుకు తేగలడని అలీ మర్దాన్ ఖాన్ రాజుకు చెప్పాడు. రాజు ఆ పనికి లక్ష రూపాయలు ఇచ్చాడు. ఆ రోజుల్లో లక్ష అంటే చాలా పెద్ద సొమ్ము. 1639లో పని మొదలైంది.

రావి నది లాహోరు పక్క నుంచే పారుతుంది. మరి దూరం నుంచి కాలువ ఎందుకు? నది పల్లంలో ఉంది. పొలాలు మెట్టన ఉన్నాయి. నీళ్లు పైకి ఎక్కవు కదా! నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు.

అందుకని నది కొండల నుంచి దిగే చోటుకు పోయారు. అక్కడ నేల లాహోరు కన్నా ఎత్తుగా ఉంటుంది. అక్కడే కాలువకు తల పెట్టారు. నది తొందరగా కిందికి దిగిపోతుంది. కాలువను మాత్రం మెల్లగా, కొద్దిపాటి వాలుతో నడిపించారు. అలా సుమారు 160 కిలోమీటర్లు వచ్చేసరికి కాలువ నీళ్లు మెట్ట పొలాల కన్నా ఎత్తులో ఉన్నాయి. గండి తీస్తే చాలు, మడిలోకి పారతాయి. మన ఊరి చెరువు తూము తీస్తే పొలానికి నీళ్లు పారేది కూడా ఈ లెక్కతోనే.

అయితే మొదటిసారి పని సరిగా కుదరలేదు. నీళ్లు వచ్చాయి గానీ చాలలేదు. అప్పుడు ముల్లా అలావుల్ ముల్క్ అనే పండితుడు మళ్లీ పని చేయించాడు. పాత కాలువలో బాగున్న భాగం ఉంచి, మిగతాది కొత్తగా తవ్వించాడు. అప్పుడు నీళ్లు నిండుగా వచ్చాయి. పొలాలు తడిశాయి. లాహోరులో షాలిమార్ తోట వేశారు. 1642లో ఆ తోట పూర్తయింది. అందులో 400కు పైగా నీటి చిమ్మెనలు ఉన్నాయి.

ఢిల్లీలో కూడా ఒక కాలువకు ఆయన పేరు ఉంది. యమునా నీళ్ల కాలువ అది. 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ తవ్వించిన కాలువ పూడిపోతే, షాజహాన్ కాలంలో బాగు చేసి ఎర్రకోట దాకా పొడిగించారు. చాందినీ చౌక్ బజారు నడుమ నుంచి ఆ నీళ్లు పారేవి. ఆ పనిలో చాలా మంది అధికారుల చేయి ఉంది. జనం మాత్రం దాన్ని అలీ మర్దాన్ కాలువ అనే పిలిచారు.

ఈ కాలువలకు పలుగు పట్టి తవ్వినవాళ్లు, మట్టి మోసినవాళ్లు వేరే ఉన్నారు. పేరు అధికారికి వచ్చింది. చెమట కూలివాళ్లది.

కోట ఏమైంది?

ఇంతకీ ఆ కందహార్ కోట ఏమైంది? ఈ లెక్క చూడండి.

1595 - మొగలుల చేతికి.
1622 - ఇరాన్ చేతికి.
1638 - మళ్లీ మొగలుల చేతికి.
1649 - మళ్లీ ఇరాన్ చేతికి.

54 ఏళ్లలో నాలుగు సార్లు చేతులు మారింది! ఇరాన్‌లో షా సఫీ 1642లో చనిపోయాక అతని కొడుకు రాజయ్యాడు. అతను చలికాలంలో దండెత్తాడు. దారులు మంచుతో మూసుకుపోతే హిందూస్తాన్ నుంచి సాయం రాదని అతని ఎత్తు. అది పారింది. 1649 ఫిబ్రవరిలో కోట పడింది.

షాజహాన్ ఊరుకోలేదు. 1649లో, 1652లో కొడుకు ఔరంగజేబును పంపాడు. 1653లో మరో కొడుకు దారా షికోను పంపాడు. మూడు సార్లూ ఓటమే. ఆ ఊరు మొగలులకు మళ్లీ దక్కలేదు.

ప్రతిసారీ ఊరి చుట్టూ సైన్యాలు దిగేవి. సైన్యం దిగిన చోట చేను మిగలదు, పశువుల మేత మిగలదు. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినట్లు, రాజుల పోరులో నలిగింది మామూలు జనం.

తల్లి సమాధిలోనే

1657లో అలీ మర్దాన్ ఖాన్ జబ్బు పడి, కాశ్మీరుకు పోతూ దారిలో చనిపోయాడు. ఆయన శవాన్ని లాహోరుకు తెచ్చారు. అక్కడ తన తల్లి కోసం ఆయనే కట్టించిన సమాధి ఉంది. అందులోనే ఆయన్నూ పూడ్చారు. ఎనిమిది మూలల ఇటుక కట్టడం, పైన పెద్ద గుమ్మటం. పుట్టిన దేశానికి దూరమైన కొడుకు చివరికి తల్లి పక్కకు చేరాడు. లాహోరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఆ సమాధి ఇప్పటికీ అక్కడ నిలిచి ఉంది.

కాబూలులో ఆయన కట్టించిన బజారును 1842లో బ్రిటిష్ సైన్యం పడగొట్టింది. కానీ కాలువల పని అంతటితో ఆగలేదు. పూడిపోయిన ఢిల్లీ కాలువను 1820 ప్రాంతంలో బ్రిటిష్ వాళ్లు బాగు చేయించారు. 1859లో రావి నది నుంచి ఇంకా పెద్ద కాలువ పారింది. రాజులు మారినా, దేశాలు మారినా నీళ్ల అవసరం మారలేదు.

అలీ మర్దాన్ ఖాన్ రాజుకు ద్రోహం చేశాడని ఇరాన్ వాళ్లు అన్నారు. అన్యాయంగా చంపే రాజు నుంచి తల కాపాడుకున్నాడని మరి కొందరు అన్నారు. ఒకటి మాత్రం ఖాయం. పనిమంతుణ్ణి భయపెట్టిన రాజు కోటనూ పోగొట్టుకున్నాడు, ఆ పనిమంతుడి తెలివినీ పోగొట్టుకున్నాడు. ఆ తెలివి వేరే చోట నీళ్లయి పారింది.

కొత్త మాటలు

సరిహద్దు - రెండు రాజ్యాలు కలిసే చోటు, పొలిమేర
సుంకం - సరుకు మీద కట్టే పన్ను
కప్పం - చిన్న రాజు పెద్ద రాజుకు కట్టే సొమ్ము
మెట్ట - ఎత్తుగా ఉన్న నేల
నీటి చిమ్మెన - నీళ్లు పైకి చిమ్మే గొట్టం

కలిసి మాట్లాడుకోండి

1. అలీ మర్దాన్ ఖాన్ కోటను అప్పగించడం తప్పా, ఒప్పా? ఎందుకు?
2. నది పక్కనే ఉన్నా లాహోరుకు దూరం నుంచి కాలువ ఎందుకు తవ్వారు?
3. మీ ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ చెరువు గానీ కాలువ గానీ ఎవరు తవ్వించారు? ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, మీ నోటు పుస్తకంలో ఐదు వాక్యాలు రాయండి.