శీతాకాలం ఊరికెళ్తున్నావు సరే, కారు సంగతేంటి?

చెల్లీ, సంక్రాంతికి ఇంటికెళ్లి మార్చి చివరికి గానీ రానన్నావు. సంతోషం. అమ్మ దగ్గర హాయిగా ఉండిరా. నా దిగులల్లా వాకిట్లో వదిలి వెళ్తున్న ఆ రెండో కారు గురించే.

మాంట్రియల్ చుట్టుపక్కల గరాజ్ లేని ఇళ్లు బోలెడు. అక్టోబరు రాగానే వీధివీధినా తెల్ల గుడారాలు లేస్తాయి. ఇక్కడివాళ్లు టెంపో అంటారు. ఇనుప గొట్టాల చట్రం, పైన పాలిథిన్ పట్టా, ముందు జిప్పు తలుపు. ఒక కారుకైతే 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడుగున్నది సరిపోతుంది. వీటిని ఎప్పుడు వేయొచ్చో, ఎప్పటికి తీసేయాలో ఊరూరికీ నిబంధన ఉంటుంది. చాలాచోట్ల అక్టోబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా. కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. కొనకముందే మీ మునిసిపాలిటీకి ఫోన్ చేసి కనుక్కో.

"గుడారం వేసేశాంగా, ఇంకేం భయం?" అన్నారట మరిదిగారు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను నేను. ఇంట్లో మనిషి ఉంటేనే తల్లీ ఆ గుడారం నిలబడేది! కొత్తగా పడిన పొడి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలుంటుంది. అదే తడిసి బిగిసిందంటే 300 కిలోలు దాటుతుంది. మీ గుడారం మీద అడుగు మందాన తడిమంచు నిలిచిందా, టన్ను పైమాటే. ఆ సన్నటి గొట్టాలు ఎంతని మోస్తాయి? 1998 జనవరిలో ఇక్కడ కురిసిన వాన కురిసినట్టే గడ్డకట్టి, ఆ బరువుకు కరెంటు టవర్లే కూలిపోయాయి.

అందుకే మంచు పడినప్పుడల్లా ఎవరో ఒకరు దులపాలి. గుడారం లోపలికి వెళ్లి, మెత్తటి చీపురు తిరగేసి పట్టుకోకుండా కుచ్చు వైపుతోనే పట్టాను కింది నుంచి మెల్లగా పైకి నెట్టాలి. అంచుల నుంచి మొదలుపెడితే మంచు దబ్బున పక్కకు జారిపోతుంది. నేలకు అతుక్కుపోయిన కింది అంచును మాత్రం పారతో పొడవకూడదు, చిరిగిపోతుంది.

ఈ పనికి మనిషిని ఇప్పుడే మాట్లాడుకో. పరాయి ఊళ్లో సాయం అడగాలంటే మనకు నోరు పెగలదు, నాకు తెలుసు. అయినా అడుగు చెల్లీ. పక్కింట్లో కాలేజీ కుర్రాడుంటే డబ్బులు మాట్లాడి అప్పజెప్పు. వాళ్లమ్మ నంబరు కూడా రాసుకో. అడిగి చూడు, సంతోషంగా ఒప్పుకుంటారు. మనం అడగమనే వాళ్లూ ఊరుకుంటున్నారేమో.

గాలి సంగతీ మరిచిపోవద్దు. పచ్చిక మీదైతే మర చుట్టిన కొక్కేలు నేలలోకి దించాలి. తారు మీదైతే ప్రతి కాలికీ కాంక్రీటు దిమ్మ కట్టాలి. జిప్పు సగం తెరిచి ఉందంటే గాలి లోపలికి దూరి గుడారాన్ని గొడుగులా ఎత్తి పడేస్తుంది.

ఇక కారు. చలి కంటే తేమ, ఉప్పు దానికి చేసే చెరుపే ఎక్కువ. రోడ్డు మీద చల్లిన ఉప్పు పోయేలా అడుగుభాగం కూడా కడిగించి, బాగా ఆరాకే లోపల పెట్టు. కారు మీద మళ్లీ ప్లాస్టిక్ పట్టా కప్పొద్దు, తేమ పట్టి తుప్పు మొదలవుతుంది. పెట్రోలు ట్యాంకు నింపి, స్టెబిలైజర్ కలుపు. హ్యాండ్‌బ్రేక్ వేయకు, నెలల తరబడి కదలకపోతే పట్టేస్తుంది. గేరులో ఉంచి చక్రాలకు అడ్డం పెట్టు. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టేసుకో. ఛార్జి దిగిపోయిన బ్యాటరీ ఈ చలికి గడ్డకట్టి పగులుతుంది. అన్నిటికన్నా ముందు పిల్లల సీటు తీసి, దాని కిందున్న మురుకుల ముక్కలు, బిస్కెట్ పొడి వాక్యూమ్ చెయ్యి. ఎలుకలు వాసన పట్టి వచ్చి సీటు చించి గూడు కట్టుకుంటాయి. వైర్లు కూడా కొరుకుతాయి.

బండి రోడ్డెక్కదని ఎస్ఏఏక్యూకి, అదే క్యూబెక్‌లో వాహనాల రిజిస్ట్రేషన్ చూసే సంస్థకి, చెబితే రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుంది. కానీ ఆ రోజుల్లో దాన్ని వీధిలో నిలపడానికి కూడా వీల్లేదు. బీమా మొత్తం తీసేయకు. దొంగతనం, అగ్నిప్రమాదంతో పాటు గుడారం కూలి కారు దెబ్బతింటే ఇస్తారో లేదో కూడా అడిగి రాయించుకో. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా రోడ్డెక్కాలంటే చలికాలపు టైర్లు తప్పనిసరి. టికెట్ ముందుకు జరిపి త్వరగా వచ్చేస్తే ఈ సంగతి గుర్తుంచుకో.

వచ్చాక గుడారంలోనే ఇంజిన్ ఆన్ చేయొద్దు, ఒక్క నిమిషమైనా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదు, రంగుండదు. జిప్పు పూర్తిగా తెరిచి, మరిదిగారూ నువ్వూ కలిసి కారును బయటికి తోసి, అప్పుడు స్టార్ట్ చేయండి. పట్టా విప్పే రోజు నాకూ ఫోన్ చెయ్యి, వస్తాను. ఎండకు బాగా ఆరనిచ్చి మడవాలి, తడి ఉంటే బూజు పడుతుంది.